పదకొండో నంబరు పొగగొట్టం

జూన్‌లో మా రేవుకి రాత్రి సరిగా రాదు.
వచ్చిందో లేదో తేలకముందే అవి లేస్తాయి.
మూడున్నర.
తుప్పు పట్టిన గేటుని ఎవరో ఈడ్చినట్టు ఒక అరుపు
పొగగొట్టంలోంచి చల్లారిన పొయ్యిలోకి,
పొయ్యిలోంచి నా దుప్పట్లోకి దిగుతుంది.
"వినబడిందా మొరాగ్?" అన్నట్టు
అవతలి ఇంట్లోంచి ఎల్స్‌పెత్ గోడ తడుతుంది.
చెవిటిదాన్నయినా బావుండును అని నేనూ తడతాను.

స్కాట్లండ్ పటంలో ఈశాన్యాన ముక్కులా పొడుచుకొచ్చిన చోట
ఆ ముక్కు కొన మీద జలుబు, మా ఊరు.
నాలుగు వీధులు, రెండు చర్చిలు, ఒక చిప్స్ కొట్టు.
మనుషుల లెక్క పదేళ్ళకోసారి రాస్తారు.
సీగల్స్ లెక్క ఎవరూ రాయరు,
కార్ల మీద అవే రాసుకుంటాయి.

మంగళవారాలు డేగని తీసుకుని ఒకాయన వస్తాడు, కౌన్సిల్ జీతం.
డేగ పేరు డచెస్.
మొదటి నెల ఊరంతా నిశ్శబ్దం, మాకే భయమేసింది.
ఇప్పుడు ఆ తెల్ల వ్యాను మలుపు తిరగ్గానే
అన్నీ లేచి అలల గోడ మీద వరసగా కూర్చుంటాయి,
బస్సు కోసం చూసేవాళ్ళలా.
వ్యాను వెళ్ళిపోతుంది.
బస్సు రాకపోయినా ఇళ్ళకొచ్చేస్తాయి.

నిన్న బెనెదెత్తీ కొట్టు ముందు
గ్లాస్గో పిల్లాడొకడు ఉత్త కాగితం పట్టుకుని నిలబడ్డాడు.
చేప ఎటు పోయిందో వాడికింకా అర్థం కాలేదు.
వాళ్ళమ్మ తలెత్తి ఆకాశాన్ని పేరుపేరునా తిట్టింది.
బెనెదెత్తీ ఇంకో ముక్క వేయించి ఇచ్చాడు.
"రేవు సుంకం" అన్నాడు, డబ్బు తీసుకోలేదు.

దొంగలంటారు. అనండి.
నాకు మాత్రం నోరు రాదు.
ముప్పై ఒక్క ఏళ్ళు చేపల షెడ్డులో కత్తి పట్టాను.
తలకాయలు, పేగులు, తోకలు
బకెట్లకి బకెట్లు వెనక తలుపులోంచి విసిరాం.
రేకుల మీద వాటి కాళ్ళ చప్పుడు వినబడితే
పడవలొచ్చాయని గడియారం చూడకుండా చెప్పేవాళ్ళం.
రుచి మరిగించింది మేమే.
తర్వాత పడవలమ్మేశారు. షెడ్డుకి తాళం.
మేమూ అవీ ఒకే వారం వీధిన పడ్డాం.
మా చేతిలో తలా ఒక కవరు పెట్టి పంపారు.
వాటికి ఎవరూ చెప్పలేదు.
అందుకే కాబోలు, ఇప్పటికీ మూడున్నరకే.

జూలైలో పిల్ల పడింది,
పొగగొట్టం మీంచి తిన్నగా నా పెరట్లోకి.
బూడిద రంగు, నల్ల చుక్కలు,
అద్దెకు దిగి ఇల్లు నచ్చనివాడి చూపు.
ఇక తొమ్మిది రోజులు పెరడు నాది కాదు.
తలుపు తీస్తే తల్లి ఒకవైపు, తండ్రి ఒకవైపు.
పోస్ట్‌మాన్ డూగల్డ్ నెత్తి మీద పార్సెల్ పెట్టుకుని పరిగెత్తాడు.
తడిబట్టలు స్నానాల గదిలోనే మాగిపోయాయి.

పదో రోజు విసుగొచ్చి
తలుపు వెనక కొక్కేనికున్న ముర్డో కోటు తొడుక్కున్నాను,
పసుపుపచ్చ వానకోటు, టోపీతో సహా.
ఆరేళ్ళయింది అది గాలి మొహం చూసి.
మోకాళ్ళ దాకా నేను ముర్డోనే.
ఒంటికన్ను తండ్రిపక్షి రివ్వున దిగింది,
నా తలకి మూరెడు ఎత్తున ఆగింది.
గాలిలో అలాగే తేలింది.
అరవలేదు.
నేను దండెం దాకా నడిస్తే అదీ నడిచింది,
గోడ మీద, అడుగుకి అడుగు,
నా చేతులు చూస్తూ.

రంగుకి జడిసిందని ఎల్స్‌పెత్ అంది. అయుండచ్చు.
ఇవి ముప్పై ఏళ్ళయినా బతుకుతాయని డచెస్ యజమాని అన్నాడు.
అదీ అయుండచ్చు.
నేను జేబులు వెతికాను.
ఒక తాడు ముక్క, ఉప్పు పొరలు, పాత చిల్లర.
లోపలికెళ్ళి, ఎవరికీ కనబడకుండా,
రాత్రి మిగిలిన హ్యాడక్ తోలు తెచ్చాను.

కౌన్సిల్ ఫారం వచ్చింది.
వచ్చే వసంతానికి గూడు తీయించాలా?
అవును, కాదు, రెండు గళ్ళు.
వెన్నగిన్నె కింద పెట్టాను.
ఆగస్టు చివర్లో పిల్ల ఎగిరిపోయింది.
ఆ రాత్రి ఏ చప్పుడూ లేదు.
మూడున్నరకి మెలకువొచ్చి
గోడ తట్టాను.
అవతల నుంచి వెంటనే
ఎల్స్‌పెత్ కూడా తట్టింది.